సారా ముట్టని పదకొండేళ్లు

ఎవోదియో అబద్ధమాడలేదు. ఈ సంగతి మొదటే చెప్పుకోవాలి. ఎందుకంటే శాన్ గ్రెగోరియో ఊళ్లో సగం మంది, పట్నం ఆసుపత్రిలో అతన్ని చూసినవాళ్లంతా, ఆఖరికి చర్చిలో చెయ్యి పట్టుకున్న భార్య కూడా అతను అబద్ధాలకోరనే అనుకున్నారు. అబద్ధమాడటం చేతకాని మనిషేం కాదు. వయసులో ఉండగా బాగానే ఆడేవాడు. ఈ ఒక్క విషయంలో మాత్రం పదకొండేళ్లుగా నిజమే చెబుతూ వచ్చాడు, దాన్నే ఎవరూ నమ్మలేదు.

మార్చిలో, దుమ్ము గాలులు వీచే రోజుల్లో, అతను మొదటిసారి ఊరి చివర ఆరోగ్య కేంద్రానికి వెళ్లాడు. అప్పటికి ప్యాంటు బొత్తం పట్టక రెండు నెలలైంది. నడుముకి తాడు కట్టుకుని తిరుగుతున్నాడు. చేతులు పుల్లల్లా చిక్కిపోయాయి, పొట్ట మాత్రం ముందుకు తోసుకొచ్చింది. “ఎన్నో నెల ఎవోదియో? సీమంతానికి మమ్మల్ని పిలవవా?” అని పంపు దగ్గర ఆడవాళ్లు ఆటపట్టించేవాళ్లు. అతనూ నవ్వి ఊరుకునేవాడు. ఇంటికొచ్చాక నవ్వు వచ్చేది కాదు.

ఆరోగ్య కేంద్రంలో ఉన్నది డాక్టర్ రెనాతా అనే అమ్మాయి. చదువు పూర్తవబోతూ ఏడాదిపాటు పల్లెలో పని చెయ్యాలన్న నియమం కొద్దీ రాజధాని నుంచి వచ్చింది. అతని కనురెప్పలు కిందికి లాగి చూసింది. కళ్లు పచ్చగా ఉన్నాయి. ఛాతీ మీద సాలెపురుగు కాళ్లలాంటి ఎర్ర నరాలు కనిపించాయి. అరచేతులు కందిపోయి ఉన్నాయి.

“తాగుతారా పెద్దాయనా?”

“లేదు డాక్టరమ్మా.”

“అప్పుడప్పుడు? పండగలకి, పబ్బాలకి?”

“పదకొండేళ్ల నుంచి చుక్క ముట్టలేదు. కావాలంటే ఫాదర్‌ని అడగండి. చర్చిలో గ్వాదలూపె తల్లి ముందు ఒట్టేశాను.”

ఆ అమ్మాయి కాసేపు అతని మొహంలోకి చూసి కాగితం మీద ఏదో రాసింది. ఎవోదియోకి చదువు అంతంతమాత్రం. అయినా ఆ ఒక్క ముక్కా కూడబలుక్కుని చదివాడు. ‘తాగనంటున్నాడు’ అని ఉంది. ‘తాగడు’ అని రాస్తే ఆవిడ సొమ్మేం పోయింది? దారి పొడుగునా అదే తలుచుకుని మథనపడ్డాడు.

అతను పుట్టింది కిత్తనార తోటల్లో. ఆ మైదానంలో కాస్త బార్లీ తప్ప మిగతాదంతా మనిషి ఎత్తు కిత్తనార మొక్కలే. పదీ పన్నెండేళ్లకి మొక్క పక్వానికొస్తుంది. అప్పుడు దాని నడిబొడ్డులో గుంట తవ్వి రెండు పూటలా గీకితే తేనెలాంటి నీళ్లు ఊరతాయి. పొడుగాటి సొరకాయ బుర్ర ఒక కొస గుంటలో ముంచి, రెండో కొస నోట పెట్టి పీల్చి, ఆ నీళ్లు పట్టాలి. ఎవోదియో తాత చేసిన పని అదే, తండ్రి చేసిన పని అదే. ఆ నీళ్లని ఊళ్లో చోన్ అనే అతని కొట్టులో తోలు తొట్లలో పోస్తే నాలుగైదు రోజుల్లో పులిసి తెల్లటి, జిగట జిగట పుల్కే తయారవుతుంది. మన కల్లు లాంటిదే.

ఆ ఊళ్లో పుల్కేని తాగుడు కింద జమకట్టరు. తాగుడంటే చెరకు సారా, సీసాల్లో వచ్చే బీరు. పుల్కే అంటే తిండి. బాలింతకి పాలు పడతాయని పుల్కే పోస్తారు. పిల్లలు పళ్లొచ్చే వేళకే గిన్నె అంచు నాకుతారు. బావి నీళ్లు తాగితే విరేచనాలు, పుల్కే తాగితే ఏ బాధా లేదు. ఇంక నీళ్లెవడు తాగుతాడు? నీళ్లు గాడిదలకి, బట్టలుతకడానికి.

ఎవోదియో తండ్రి నలభై నాలుగేళ్లకే పొట్ట ఉబ్బి పోయాడు. తాతా అలాగే పోయాడు. ఆ జబ్బుకి ఊళ్లో ఒక పేరుంది, కోపం అని. కోపం మింగినవాడికి పైత్యం పొంగి కళ్లు పచ్చబడతాయి, పొట్టలో నీరు చేరుతుంది. తండ్రికి గట్టు తగాదా వల్ల వచ్చిందన్నారు, తాతకి సొంత తమ్ముడి వల్ల అన్నారు. ఆ ఊరి మగాళ్లకే ఇంత కోపం ఎక్కణ్ణుంచి వస్తోందని మాత్రం ఒక్కడూ అడగలేదు.

ఇరవై నాలుగేళ్లప్పుడు మకారియాని పెళ్లి చేసుకున్నాడు. సన్నగా, నిటారుగా ఉండే మనిషి. మాట తక్కువ, అన్నదంటే సూటిగా తగులుతుంది. పిల్లలు కలగలేదు. ముప్పైలో పడ్డాక ఎవోదియో రోడ్డు పనులకి పోయి అక్కడ సారా మరిగాడు. పదిహేనేళ్లు మునిగి తేలాడు. మకారియా ఓర్చుకుంది. అరిచేది కాదు. అతను ఎక్కడ పడిపోతే అక్కడికి గాడిదని తోలుకెళ్లి ఎక్కించుకొచ్చేది.

ఆమె తల్లి పోయినప్పుడు శవపేటిక మోసే నలుగురిలో ఎవోదియో ఒకడు. అల్లుడు కదా, ముందు కుడి కొస అతనిది. పొద్దున్నే ధైర్యానికని సీసా ఎత్తాడు. సమాధుల దిబ్బ ఎక్కుతుంటే కాలు మడతపడి కొస వదిలేశాడు. పేటిక ఒరిగి రాయికి కొట్టుకుంది, మూత పక్కకి జరిగింది. అందరూ చూశారు. మకారియా ఆ మూత తన చేత్తోనే సరిచేసింది. తొమ్మిది రోజుల ప్రార్థనలు అయ్యేదాకా ఉంది. పదో రోజు మూట కట్టుకుంది.

“మా అమ్మని పడేశావు. ఇంక నీతో నడవలేను,” అంది.

“మానేస్తే వస్తావా?”

“మానినప్పుడు చూద్దాం.”

ఆ ‘చూద్దాం’ ఒక్కటీ పట్టుకుని మనిషి పదకొండేళ్లు బతికాడు.

ఒట్టు వెయ్యడం ఆ ప్రాంతంలో పెద్ద తంతు. జనవరిలో మగాళ్లు చర్చిలో వరస కడతారు. ఎన్నాళ్లు మానేది, ఏవేవి మానేది ఫాదర్ కార్డు మీద రాసి సంతకం పెడతాడు. అక్కడ బేరాలు సంతలో ఉన్నట్టే ఉంటాయి. “మా పిల్ల పెళ్లికి ఒక్కరోజు వదిలెయ్యండి ఫాదర్” అని ఒకడు, “బీరు కలపకండి” అని ఇంకొకడు. ఎవోదియో ఏ బేరమూ ఆడలేదు. సారా, బీరు, వైను, అన్నీ రాయండన్నాడు. ఫాదర్ తలెత్తి, “పుల్కే కూడానా?” అన్నాడు. వరసలో ఉన్నవాళ్లంతా గొల్లుమన్నారు. “పుల్కే మానేసి చిక్కుడుగింజల్లో ఏం నంజుకుంటాడు ఫాదర్, మీ దీవెనలా?” అన్నాడు చోన్ వెనక నుంచి. ఫాదర్ కూడా నవ్వేసి, ‘పుల్కే మినహా’ అని రాశాడు.

ఆ కార్డుని ఎవోదియో బస్సు డ్రైవరు చేతికిచ్చి పచూకా పట్నం బజారుకి పంపాడు. మకారియా అక్కడ తమాలెలు, అంటే ఆకుల్లో చుట్టి ఉడికించిన మొక్కజొన్న కుడుములు, అమ్ముతోంది. ఏటా ఒట్టు వేశాడు, ఏటా కార్డు పంపాడు. “తీసుకుంది, ఏమీ అనలేదు,” అనేవాడు డ్రైవరు. మూడో ఏడు మాత్రం, “‘సంతకం ఎవడైనా పెడతాడు’ అందయ్యా,” అని చెప్పాడు. ఎవోదియో నాలుగో ఏడు కూడా పంపాడు.

ఒట్టు మాత్రం రాయిలా నిలబెట్టుకున్నాడు. పెళ్లిళ్లలో గ్లాసు బోర్లించి కూచునేవాడు. పక్కవాళ్లు దెప్పితే పడేవాడు. సారా కొట్టు ముందు నుంచి పోవాల్సి వస్తే చుట్టూ తిరిగి వెళ్లేవాడు. ఇంట్లో రెండు కంచాలు ఉండేవి. రెండోది ఎవరూ వాడరు, అయినా వారానికోసారి కడిగి బోర్లించేవాడు. సాయంత్రాలు చాలా పొడుగ్గా ఉండేవి. చోన్ కొట్టులో పుల్కే తాగుతూ నలుగురితో మాట్లాడితే పొద్దు పోయేది, లేకపోతే పోయేది కాదు. సారా వదిలినవాడికి ఆ పుల్కే కూజా ఒక్కటే తోడు. రోజురోజుకీ దాని మీదే ఆధారపడ్డాడు.

డాక్టర్ రెనాతా చీటీ రాస్తే ఏప్రిల్లో పట్నం పెద్దాసుపత్రిలో చేరాడు. సూది గుచ్చి పొట్టలోంచి బక్కెట్టుడు నీరు తీశారు. తరపువాళ్లెవరని అడిగితే మకారియా పేరు చెప్పాడు. మూడో రోజు ఆమె వచ్చింది. పదకొండేళ్ల తర్వాత కళ్లెదురుగా నిలబడింది. ఎవోదియో లేచి కూచోబోయాడు, గొట్టం అడ్డమొచ్చింది. అదే సమయానికి పెద్ద డాక్టరు వచ్చాడు.

“ఏం జబ్బండీ ఈయనకి?” అని అడిగింది మకారియా.

“లివరు గట్టిపడిపోయింది. తాగుడు వల్ల,” అని చెప్పి ఆయన పక్క మంచం దగ్గరికి వెళ్లాడు.

మకారియా మొగుడి వంక చూసింది.

“పదకొండు కార్డులు పంపావు,” అంది ఆమె. “పదకొండూ పెట్టెలో దాచాను, పిచ్చిదాన్ని. వచ్చే జనవరికి వద్దామనుకున్నాను.”

అంతే, వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. ఎవోదియో ఆ రోజంతా గోడకేసి తిరిగి పడుకున్నాడు. చచ్చిపోతానన్న భయం లేదు. ఆమె వద్దామనుకుందన్న మాటే గుండెని కోసేసింది.

ఊరికొచ్చాక తలో మాటా అన్నారు. కొందరు చాటుగా సారా కొట్టేవాడన్నారు. చోన్ మాత్రం అతని పక్షమే. “ఒరే, ఇది తాగుడు కాదురా, కోపం. ఆ మహాతల్లి నిన్ను వదిలేసి పోయింది చూడు, ఆ కోపం మింగావు. మీ నాన్నకొచ్చిందే నీకూ వచ్చింది,” అన్నాడు. మకారియాని ఆ మాట అనేసరికి ఎవోదియోకి నిజంగానే కోపమొచ్చింది.

అతనికి కావలసింది మందూ మాకూ కాదు. తను తాగలేదని ఎవరైనా రాసివ్వాలి. సంతకం ఎవడైనా పెడతాడన్న మనిషి డాక్టరు సంతకమైతే నమ్మదా అని ఆశ. తిన్నగా రెనాతా దగ్గరికే వెళ్లాడు.

“అలా రాయలేనండీ. మీ లివరు వేరేలా చెబుతోంది,” అంది ఆ అమ్మాయి నెమ్మదిగా.

“మీరూ నమ్మరన్నమాట!” అని విసురుగా లేచాడు. లేచేసరికి కళ్లు తిరిగి బల్ల పట్టుకున్నాడు. ఆమె గబగబా గ్లాసుడు నీళ్లు తెచ్చి చేతికిచ్చింది. ఎవోదియో గ్లాసులోకి చూసి మొహం చిట్లించాడు.

“నీళ్లా?”

“మరేం తాగుతారు మీరు?”

“పుల్కే.”

రెనాతా అతన్నే చూస్తూ కుర్చీ దగ్గరికి లాక్కుని కూచుంది. “ఎంత?”

“అందరూ తాగినంతే. లేవగానే ఒక కూజా. తోటలో ఒకటి. అన్నంలో... సాయంత్రం చోన్ దగ్గర.”

“మొత్తం నాలుగు లీటర్లుంటుందా?”

“ఉంటుంది. పండగైతే ఆరు.”

“నేను తాగుతారా అని అడిగితే లేదన్నారు కదా!”

“తాగను కదా డాక్టరమ్మా. అది తిండి.”

ఆ అమ్మాయి విడమరిచి చెప్పింది. పుల్కేకి ఘాటు తక్కువే, కానీ నాలుగు లీటర్లు లోపలికెళ్తే అర లీటరు సారా పట్టించినట్టే. లివరు నొప్పెట్టదు, ఓర్చుకుంటుంది. మొదట కొవ్వు పేరుకుంటుంది, మనిషికి తెలీదు. తర్వాత లోపల మచ్చలు పడతాయి, అప్పుడూ తెలీదు. మచ్చలన్నీ కలిసి గట్టిపడ్డాక రక్తం పోవడానికి దారి దొరక్క నీరు పొట్టలోకి, కాళ్లలోకి దిగుతుంది. అప్పుడు తెలుస్తుంది.

“మరి మా నాన్నది కోపం కాదా?”

“ఆయనా కిత్తనార గీకేవారా?”

“మా తాత కూడా,” అన్నాడు ఎవోదియో. పచ్చబడ్డ కళ్లతో, దుప్పటి కింద అంత పొట్టతో పడుకున్న తండ్రి గుర్తొచ్చాడు. ఆ మంచం పక్కనే కూచుని, ఓపిక రావాలని కూజా నోటికందించింది తనే. అప్పుడు తనకి పదహారేళ్లు.

తలెత్తి, “అయితే నేను ఒట్టు తప్పలేదు కదా?” అన్నాడు.

“తప్పలేదు.”

“అది రాయండి.”

“రాస్తాను. తప్పు నాది కూడా. ఏం తాగుతారని అడగాల్సింది, తాగుతారా అని అడిగి ఊరుకున్నాను,” అంది ఆమె. “కానీ ఇవాళ్టి నుంచి పుల్కే కూడా బంద్. ఆపితే మిగిలిన లివరుతో చాన్నాళ్లు లాగొచ్చు. ఆపకపోతే ఏడాది గడవడం కష్టం. అలాగని మీ అంతట మీరు ఒక్కసారి మానెయ్యకండి, ఫిట్స్ వస్తాయి. వారం రోజులు ఇక్కడే ఉండండి.”

ఉత్తరం రెండు పేజీలైంది. ఈయన పదకొండేళ్లుగా సారా ముట్టలేదు, పుల్కే హాని అని ఈయనకి తెలీదు అని ముందే రాయించాడు. జబ్బు ఎలా మొదలవుతుందో, ఒంట్లో ఏమేం కనిపిస్తాయో కూడా అన్నీ రాయమన్నాడు. “వివరంగా ఉంటేనే మా ఆవిడకి నమ్మకం కుదురుతుంది,” అన్నాడు. డ్రైవరు ఎప్పట్లాగే పచూకాకి తీసుకెళ్లాడు.

ఆరోగ్య కేంద్రంలో వారం రోజులు వణికాడు, చెమటలు పోశాయి, గోడ మీద చీమలు పాకుతున్నాయని అరిచాడు. రెనాతా మాత్రలిచ్చి పక్కనే కూచుంది. బయటికొచ్చిన రోజున నడక తేలిగ్గా ఉంది గానీ ఊరు మాత్రం పరాయి ఊరులా అనిపించింది.

చోన్ కొట్టులో ఒక పద్ధతుంది. లోపలికొచ్చినవాడు టోపీ తియ్యాలి, కొత్త తొట్టి లోంచి మొదటి ముంత తాగాలి. వద్దంటే ఆ తొట్టి చెడిపోతుందని నమ్మకం. ఎవోదియో టోపీ తీశాడు, ముంత మాత్రం అందుకోలేదు.

“ఏరా, నా చేతి పుల్కే విషమా నీకు?” అన్నాడు చోన్. అతని గొంతులో కోపం కంటే నొప్పే ఎక్కువ ఉంది.

“డాక్టరు వద్దంది. నీకూ మంచిది కాదు చోన్. ఒక్కసారి పోయి చూపించుకో.”

“ఆ పట్నం పిల్ల నిన్ను పాడు చేసింది. ఇదిగో, తాగనివాడు లోపల నిలబడితే మా అందరి తొట్లూ పోతాయి. నీ తేనెనీళ్లు గుమ్మం దగ్గర పోసి వెళ్లు.”

ఆ గుమ్మం దగ్గర నిలబడేది ఆడవాళ్లు. వాళ్లకి లోపలికి ప్రవేశం లేదు. అప్పట్నుంచి ఎవోదియో కూడా అక్కడే నిలబడి తేనెనీళ్లు అప్పగించి వచ్చేసేవాడు. లోపల నవ్వులు వినపడేవి. ఎవరి పెళ్లో, ఎవరి గాడిద తప్పిపోయిందో చెప్పుకుంటున్నారు. తను ఒక అడుగు లోపలికేస్తే చాలు, ఒక్క ముంత ఎత్తితే చాలు, మళ్లీ అందరూ తనవాళ్లే. ఆ అడుగు వెయ్యకుండా రోజూ వెనక్కి రావడం సారా మానడం కంటే వెయ్యి రెట్లు కష్టమైంది. సారా మానినప్పుడు ఊరు మెచ్చుకుంది. ఇప్పుడు మెచ్చుకునే దిక్కే లేదు. ఇంటికొచ్చి తలుపు తీస్తే పలకరించేవాళ్లు లేరు. ఒక్కోసారి తనలో తనే గట్టిగా మాట్లాడుకునేవాడు, గొంతు పోలేదని తెలుసుకోవడానికి.

ఐదు వారాలు గడిచాయి. ఉత్తరానికి జవాబు లేదు. ఇంక రాదనుకున్నాడు.

జూన్లో ఒక ఆదివారం మధ్యాహ్నం గుమ్మంలో నీడ పడింది. మకారియా. చేతిలో ఉత్తరం మడత. ఆయాసపడుతూ, అడక్కుండానే అరుగు మీద కూచుంది.

పదకొండేళ్లుగా ఈ రోజున ఏం మాట్లాడాలో అనుకుంటూనే ఉన్నాడు ఎవోదియో. అవన్నీ వదిలి గ్లాసుడు నీళ్లు తెచ్చి ఆమె పక్కన పెట్టాడు.

“పక్క కొట్టావిడ చేత చదివించుకున్నాను,” అంది ఆమె. “రెండుసార్లు.”

“నమ్మావా?”

“నమ్మాను.”

అతను ఎదురుగా నేల మీదే చతికిలబడ్డాడు. ఇంత సంతోషం తట్టుకునే అలవాటు లేదు. “కార్డులన్నీ చూసి కూడా నన్ను నమ్మలేదు. ఈ ఒక్క కాగితానికి ఎలా నమ్మావే?” అన్నాడు.

మకారియా పరికిణీ అంచు పిక్కల దాకా ఎత్తింది. సన్నటి కాళ్ల మనిషికి స్తంభాల్లాంటి కాళ్లున్నాయి. చెప్పుల పట్టీలు కండలోకి దిగిపోయాయి. బొటనవేలితో చీలమండ పైన నొక్కి తీసింది. పడ్డ గుంట అలాగే ఉండిపోయింది.

“చలికాలం నుంచి ఇంతే. ఒళ్లంతా దురద. బజార్లో నిలబడి నిలబడి అనుకున్నాను,” అంది. “ఆ ఉత్తరంలో ఉన్నవన్నీ నాకున్నాయి. నేను సారా వాసన కూడా చూసిన దాన్ని కాదు. పొద్దున ఒక కూజా, అన్నంలో ఒక కూజా, అందరు ఆడవాళ్లలాగే. అందుకే నమ్మాను.”

ఎవోదియో అప్పుడు ఆమె కళ్లలోకి చూశాడు. ఎండ పడుతోంది. తెల్లగుడ్డు తెల్లగా లేదు. ఆసుపత్రిలో ఆమె కోపమే చూశాడు, కళ్లు చూడలేదు. తను అబద్ధాలకోరే అయి ఉంటే ఎంత బాగుండేది! చాటుగా సారా తాగి జబ్బు తెచ్చుకున్న దొంగ వెధవే అయి ఉంటే, ఆమె ఎక్కడో పచూకాలో తనని తిట్టుకుంటూ హాయిగా ఉండేది. ఆమె నమ్మకం తనకొద్దనిపించింది. వెనక్కిచ్చేసే వీలుంటే అప్పుడే ఇచ్చేసేవాడు.

“రేపు ఆ డాక్టరమ్మ ఉంటుందా?” అని అడిగింది మకారియా.

“ఉంటుంది.”

ఆమె పరికిణీ కిందికి దించుకుంది. “తాగుతావా అని అడుగుతుంది కదా. ఎప్పుడూ తాగలేదంటే నన్ను నమ్ముతుందంటావా?”

“నేను నీతో వస్తాను. నేను చెబుతాను,” అన్నాడు ఎవోదియో.